మేయరుగారి ఎర్ర మీట

సెప్టెంబర్ 1

ఆఫీసులో కొత్త అమ్మాయి చేరింది. పేరు నెవెనా. వచ్చీ రాగానే అడిగిన మొదటి ప్రశ్న: "ఓగ్నియాన్ గారూ, మీరు సెలవు పెడితే కొత్త వెర్షన్ ఎవరు పంపుతారు?"

నేను సెలవు పెట్టనని చెప్పాను. కామెన్ పకపకా నవ్వాడు. యజమాని కాబట్టి దేనికైనా నవ్వుతాడు.

ఇందులో రాయవలసినంత ఏమీ లేదు. ఊరికే రాశాను.

సెప్టెంబర్ 3

కొత్త వెర్షన్‌ను కూర్చి పంపే నా బిల్డ్ స్క్రిప్ట్ చూపించమంది. చూపించాను. నాకు దాపరికాలు లేవు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, నేను ఎప్పుడో రాసుకున్న మాటలు పైకి చదవడం మొదలుపెట్టింది. "'ఇక్కడ కాసేపు ఆగు. ఎందుకో తెలియదు. తీసెయ్యకు.' ఇది ఎవరు రాశారండీ?"

"నేనే రాశాను."

"ఎందుకు ఆగాలి?"

"తెలియదని రాసే ఉందిగా!"

ఆ పిల్లకు ఏం తెలుసు? దానూబ్ ఒడ్డున నాలుగు పట్టణాలకు ఈ యాప్ నడుస్తోంది. డయాలసిస్ రోగుల కోసం పల్లెలకు వెళ్ళే బళ్ళు, ఏ పొద్దున ఎవరి గుమ్మం ముందు ఆగాలో ఇదే చెబుతుంది. యాప్ ఒకటే, మేయర్లు నలుగురు. బెలోబ్రెగ్ మేయరుకు తన పట్టణ చిహ్నం పక్కూరి చిహ్నం కన్నా పెద్దదిగా ఉండాలి. పక్కూరి మేయరుకు బెలోబ్రెగ్ చిహ్నం కన్నా పెద్దదిగా ఉండాలి. ఒకాయనకు ఆకుపచ్చ రంగు పనికిరాదు, అది ప్రతిపక్షం రంగు. ఈ షరతులన్నీ ఒకే స్క్రిప్టులో ఒద్దికగా కాపురం చేస్తున్నాయి. చేయిస్తున్నది ఎవరు?

"ఇది మీ ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా నడవదా?" అంది.

"భద్రత కోసం."

"క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ నాకూ ఇస్తారా మరి?"

"రేపిస్తాను."

సెప్టెంబర్ 4

ఇవాళ పని ఎక్కువగా ఉంది. రేపు.

సెప్టెంబర్ 6, ఆదివారం

అత్తగారు పెనా కింది వాటాలో మిరపకాయలు కాల్చడం మొదలుపెట్టింది. వీధి వీధంతా అదే పొగ, అదే వాసన. ఈ నెలలో బల్గేరియా మీదుగా పోయే పక్షులకు కూడా ఆకలేస్తుందనుకుంటాను. ఆమె కాలుస్తుంది, నా భార్య రలిత్సా తొక్క తీస్తుంది, నాకు గింజలు తీసే పని. రలిత్సా బడిలో టీచరు. ఇంట్లో కూడా నా పని దిద్దుతూనే ఉంటుంది.

"అల్లుడూ, పెళ్ళయి ఇన్నేళ్ళయింది. నువ్వు చేసే పనేమిటో ఇప్పటికీ నాకు ఎక్కలేదు," అంది అత్తగారు.

తేలిగ్గా అర్థమయ్యేట్టు చెప్పాను. "వంటవాళ్ళు వేరే ఉంటారత్తా. వాళ్ళు వండింది నేను ఒకచోట చేర్చి, రుచి చూసి, ఉప్పు సరిపోయిందో లేదో పరీక్షించి, గిన్నెల్లో సర్ది, మూతలు పెట్టి, ఏ ఊరికి ఎంత కారం కావాలో చూసి, క్లౌడ్‌లోకి పంపుతాను."

ఆమె ఒక కాయ తిరగేసింది. "అంటే క్యారేజీలు మోస్తావు."

రలిత్సా అంతసేపు నవ్వవలసిన అవసరం లేదు.

సెప్టెంబర్ 9

బెలోబ్రెగ్ మేయర్ బొయాజీవ్ స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. కామెన్ గుమ్మంలో రొట్టె, ఉప్పు పట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికొడుకును ఆహ్వానిస్తున్నట్టు.

సంగతి ఇది. ఇరవయ్యో తారీఖు పట్టణ దినోత్సవం. అదే రోజు మా కొత్త వెర్షన్ బెలోబ్రెగ్‌లో మొదలవ్వాలి. మేయరు కోరిక ఏమిటంటే, వేదిక మీద ఒక పెద్ద ఎర్ర మీట ఉండాలి. ఆయన నొక్కాలి. నొక్కగానే జరగాలి.

"ఏం జరగాలండీ?" అని అడిగాను.

"అదేదో మీరు చూసుకోండి. జనానికి కనబడేట్టు జరగాలి. పోయినేడాది వంతెన ప్రారంభించాను, రిబ్బను కత్తిరించాను. దీనికి రిబ్బను ఎక్కడ కట్టమంటారు?"

స్క్రిప్ట్ పని పూర్తికావడానికి ముప్పావుగంట పడుతుందని చెప్పాను. అందులో ఎక్కువ భాగం పరీక్షలకే పోతుంది.

మేయరు కామెన్ వైపు చూశాడు. కామెన్ నా వైపు చూశాడు. "ఓగీ, బ్యాండువాళ్ళు ఒక పాట వాయించేలోపు అయిపోవాలి."

సెప్టెంబర్ 10

కామెన్ ఉపాయం: ముందురోజే పంపేసి, వేదిక మీద ఉత్తుత్తి మీట పెడదాం.

నాకు ఒళ్ళు మండింది. నా ఊరివాళ్ళ ముందు నా పని నాటకమా? మీట నిజమైనదే ఉంటుంది, నొక్కితే నిజంగానే పని జరుగుతుందని చెప్పాను. కామెన్ నన్ను కౌగిలించుకున్నాడు. "అందుకే నువ్వు నువ్వయ్యావురా."

స్క్రిప్టుకు కొత్త మలుపు ఒకటి చేర్చాను. దానికి 'పండుగ' అని పేరు పెట్టాను. ఆ మాట కొడితే పరీక్షలు పక్కకు తప్పుకుంటాయి, మిగతా పని టకటకా అయిపోతుంది. రాసిన తీరు ఎంత ముచ్చటగా ఉందో!

సెప్టెంబర్ 11

నెవెనా చూసింది. దాచలేదు నేను, తనే వెతికి చూసింది.

"పరీక్షల్లేకుండా పంపుతారా? మర్నాడు సోమవారం. డయాలసిస్ రోజు."

"అన్నీ ముందే పరీక్షించి ఉంటాను."

"మరి ఆ పరీక్ష రోగి?"

అదొకటి ఉంది. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఒక ఉత్తుత్తి రోగిని సృష్టించుకున్నాను. పేరు పెనా. చిరునామా మా ఇల్లు. అత్తగారిని అడగలేదు, అడగవలసినంత పెద్ద విషయమా? పరీక్షలప్పుడు తెర మీద బళ్ళన్నీ ఆమె పేరుకే వెళతాయి. చివర్లో ఆమెను తీసేసే పని కూడా పరీక్షలదే.

"నేను చేత్తో తీసేస్తాను," అన్నాను.

"రాసిపెట్టుకోండి."

నాకు చెబుతోంది! నేను ఏదీ మర్చిపోను.

సెప్టెంబర్ 15

నెవెనా తన సొంత స్క్రిప్ట్ రాసిందట. పొట్టిది. ఎవరి కంప్యూటర్లోనైనా నడుస్తుందట, పరీక్షలు దాటవేయడం దానికి చేతకాదట, వెనక్కి పాత వెర్షన్‌కు మళ్ళడం ఒక్క మాటలో అయిపోతుందట. పాస్‌వర్డ్ ఒక్కటే తక్కువ.

చూశాను. అందులో ఒక్క మేయరు కోరిక కూడా లేదు. చిహ్నాలన్నీ ఒకే కొలత. ఇలాంటివి చదువుకునే పిల్లలకు బాగుంటాయి.

పాస్‌వర్డ్ సంగతి పండుగయ్యాక చూద్దామన్నాను.

సెప్టెంబర్ 20, ఆదివారం

అద్భుతం! మనిషి జన్మలో ఇలాంటి రోజు ఒకటి చాలు.

కూడలి నిండా జనం. వేదిక మీద పళ్ళెమంత ఎర్ర మీట. దాని పక్కన నా ల్యాప్‌టాప్, దాని పక్కన నేను. ఫాదర్ మెతోదీ ముందుగా దీవెనలు చదివారు. రాగిగిన్నెలో నీళ్ళు, చేతిలో తులసి కట్ట. వేదికను దీవించారు, మేయరును దీవించారు, మీటను దీవించారు. నా ల్యాప్‌టాప్ దగ్గర ఆగి, "ఇదేనా ఆ క్లౌడ్?" అన్నారు.

"కాదు ఫాదర్, క్లౌడ్‌కు దారి."

"దారికి ఎక్కువ దీవెన కావాలి," అని తులసికట్ట నిండా ముంచి ఒకటికి రెండుసార్లు చల్లారు.

మేయరు మాట్లాడుతూ, "మన బెలోబ్రెగ్ ఈరోజు మబ్బుల్లోకి ఎక్కుతోంది!" అన్నాడు. మీట నొక్కాడు. పెద్ద తెర మీద ఆకుపచ్చ గీత పరుగెత్తింది (ఆ రంగు చూసి మేయరు మొహం కాస్త మారింది). బ్యాండు ఒక పాట పూర్తిచేయకముందే గీత నిండిపోయింది. చప్పట్లు. జనం చేతులు పట్టుకుని హొరో ఆట మొదలుపెట్టారు. మధ్యలో నన్ను లాగారు. కామెన్ ఏడ్చాడు.

సాయంత్రానికి ల్యాప్‌టాప్ చచ్చింది. తెర మీద ఒక్కసారి మెరిసి, మళ్ళీ లేవలేదు. ఫరవాలేదు. దాని పని అయిపోయింది.

నెవెనా జనంలో ఒక పక్కగా నిలబడి ఉంది. చప్పట్లు కొట్టలేదు. అసూయ మనిషిని ఎంతకైనా దిగజారుస్తుంది.

సెప్టెంబర్ 21, సోమవారం

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను.

పొద్దున్నే అత్తగారు మేడమెట్ల కింద నుంచి అరిచింది. "అల్లుడూ! నాకేమైనా అయిందా?"

"ఏమైందత్తా?"

"అదే నిన్నడుగుతున్నా! నన్ను ఆసుపత్రికి తీసుకుపోతామని బండి వచ్చింది!"

కిందికి దిగాను. గుమ్మం ముందు తెల్లబండి. దాని వెనక ఇంకోటి. మలుపు తిరుగుతూ మరొకటి. బెలోబ్రెగ్ బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి మా వీధిలోకి వస్తున్నాయి. డ్రైవర్లందరూ ఫోన్లు చూసుకుంటూ, "పెనా గారి ఇల్లు ఇదేనా?" అని అడుగుతున్నారు.

నేను ఆ ఉత్తుత్తి రోగిని తీసెయ్యలేదు. మర్చిపోయాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

అత్తగారు నడుం మీద చెయ్యి వేసుకుని మొదటి డ్రైవరును నిలదీసింది. "సోమవారం నీ బండెక్కేది ఎవరు?"

"క్రివాన్యా ఊరి వెలికా బామ్మ."

"నేను వెలికానా?"

"కాదు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు?"

"యాప్ రమ్మందమ్మా."

"దూకమంటే దానూబ్‌లో దూకుతావా? పో నాయనా, పో! ఆ ముసల్ది నీకోసం చూస్తుంటుంది!"

అలా ఒక్కొక్కరినే నిలదీసి తరిమింది. కానీ ఇద్దరు కొత్తవాళ్ళు. ఎవరిని ఎక్కించుకోవాలో యాప్ చెబితే తప్ప వాళ్ళకు తెలియదు. వాళ్ళను పెరట్లోకి పిలిచి, మిరపకాయల బుట్ట ముందు పెట్టింది. "ఊరికే ఎందుకు నిలబడతారు? తొక్క తీయండి."

పాత వెర్షన్‌కు మళ్ళించాలి. మళ్ళించేది నా ల్యాప్‌టాప్. దాని లోపల దీవెన ఉంది.

ఆఫీసుకు ఫోన్ చేశాను. నెవెనా ఎత్తింది. ఏం జరిగిందని కూడా అడగలేదు. "నా స్క్రిప్ట్ సిద్ధంగా ఉంది. పాస్‌వర్డ్ చెప్పండి."

పెరట్లో డ్రైవర్లు, కిటికీల్లో ఇరుగుపొరుగు, మెట్ల మీద భార్య, పక్కనే అత్తగారు.

నెమ్మదిగా చెప్పాను.

"వినబడటం లేదు! గట్టిగా!"

గట్టిగా చెప్పాను. "ఓగీ లేకపోతే అంతే సంగతులు! మధ్యలో ఖాళీలు లేవు!"

కిటికీల్లోంచి నవ్వులు వినబడ్డాయి. పెరట్లో ఎవరో మిరపకాయ కింద పడేశారు.

నెవెనా మాత్రం నవ్వలేదు. "చివర్లో చుక్క ఉందా?" అని అడిగింది.

ఉంది.

కొన్ని నిమిషాల్లో కొత్తవాళ్ళ ఫోన్లు మోగాయి. చేతులు కడుక్కోకుండానే పరుగెత్తారు.

మధ్యాహ్నం తెలిసింది. వెలికా బామ్మ తెల్లవారకముందు నుంచీ గేటు దగ్గర బల్ల మీద కూర్చుందట. బండి చేరేసరికి ఆమెకు ఊపిరి ఆడటం లేదు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. బతుకుతుందంటున్నారు.

సెప్టెంబర్ 22

స్వాతంత్ర్య దినం, సెలవు. బతుకుతుందంటున్నారు.

సెప్టెంబర్ 23

టీవీలో మేయరు. సోమవారం జరిగింది 'ఆకస్మిక సన్నద్ధతా విన్యాసం' అట. ముందే అనుకుని చేశారట. బళ్ళన్నీ ఒకే వీధికి ఎంత వేగంగా చేరుకోగలవో చూశారట. ఫలితాలు అంచనాలను మించాయట.

అత్తగారితో కూడా మాట్లాడించారు. జుట్టు దువ్వించుకుని, కొత్త శాలువా కప్పుకుని, "విన్యాసమో గిన్యాసమో నాకు తెలియదు, నన్ను ముందుగా అడగలేదు," అంది. ఆ ముక్క కోసేశారు. చేతులూపే ముక్క ఉంచారు. ఆమెకు అదే బాగా నచ్చింది.

సెప్టెంబర్ 24

కామెన్ తలుపు వేసి కూర్చోబెట్టాడు.

"ఓగీ, టీవీలో విన్యాసమే. కానీ ఆసుపత్రివాళ్ళు ఊరుకోవడం లేదు, లోపల ఎవరో ఒకరు తప్పు చేశారని కాగితం మీద ఉండాలంటున్నారు. ఆ రోజు చివరగా ఖాతాలోకి వెళ్ళి స్క్రిప్ట్ నడిపింది ఎవరు?"

"నెవెనా. సరిదిద్దడానికి."

"దేనికని నేనడిగానా? ఎవరని అడిగాను."

నేను ఏమీ అనలేదు.

"నువ్వేమీ అనక్కర్లేదురా. అదే నేను కోరేది."

సెప్టెంబర్ 25

నేను అబద్ధం చెప్పలేదు. అసలు ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం అబద్ధం కాదు.

సెప్టెంబర్ 26

కాదు.

సెప్టెంబర్ 28

నెవెనాను పనిలోంచి కొన్నాళ్ళు ఆపారు. బల్ల ఖాళీ చేస్తూ నా దగ్గరకు వచ్చింది.

"ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. తప్పు నా మీద వేయమని మీరు చెప్పారా, వాళ్ళు వేస్తుంటే మీరు చూశారా?"

"నేనేమీ చెప్పలేదమ్మా."

"అదే తెలుసుకుందామని," అని సంచి భుజాన వేసుకుంది. తన స్క్రిప్ట్ ఎలా నడపాలో ఒక పేజీ రాసి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఎవరికైనా అర్థమయ్యేట్టు ఉంది. కోపంలో ఉన్న మనిషి ఇంత చక్కగా ఎలా రాస్తుంది?

రాత్రి భోజనాల దగ్గర రలిత్సాకు చెప్పాను. ఆమె పిల్లల పేపర్లు దిద్దుతోంది. తలెత్తలేదు. "పక్కవాడి పేపరు చూసి రాసినవాడికి నేను సున్నా వేస్తాను. తన తప్పులు పక్కవాడి పేపర్లో రాసేవాడికి ఏం వేయాలో మాకు నేర్పలేదు."

అక్టోబర్ 1

రేపు సాంస్కృతిక భవనంలో సన్మానం. విన్యాసంలో ప్రతిభ చూపినవారికి. నాకు మొదటిది. సూటు బిగుతుగా ఉంది.

వెళ్ళకపోతే అందరూ ఏమనుకుంటారు?

అక్టోబర్ 2

వెళ్ళాను.

బ్యాండు, పూలు, మేయరు. నా మెడలో రిబ్బను. చివరికి ఈయనకు రిబ్బను కట్టడానికి ఒక చోటు దొరికింది. నాలుగు మాటలు చెప్పమని నా చేతికి మైకు ఇచ్చాడు. సంక్షిప్తంగా, హుందాగా ఒక ప్రసంగం రాసుకుని వెళ్ళాను.

అంతలో "విన్యాసంలో పాల్గొన్న పౌరురాలు" అని ప్రకటించి, ఒక ముసలావిడను వేదిక ఎక్కించారు. చిన్న మనిషి, నల్ల తలగుడ్డ, చేతిలో బంతిపూల గుత్తి. మోచేతి దగ్గర సూదుల గాట్లు. నాకు పూలిచ్చి బుగ్గ తట్టమని ఎవరో చెప్పి పంపినట్టున్నారు. పూలిచ్చింది. తట్టలేదు. మొహంలోకి చూసింది.

"అయ్యా, నేను వెలికాని. క్రివాన్యా నుంచి."

"తెలుసు బామ్మా."

"చదువుకున్నవాడిలా ఉన్నావు, నిన్నే అడుగుతా. విన్యాసమంటున్నారు, నాకు తెలియదు. ఆఫీసులో ఎవరో పిల్ల పొరపాటు చేసిందంటున్నారు, అదీ తెలియదు. ఆ పొద్దున బల్ల మీద కూర్చుని ఒకటే అనుకున్నా. నన్ను మర్చిపోయిందెవరా అని. ఎవరు నాయనా?"

ఆమె నెమ్మదిగానే అడిగింది. నేను కూడా నెమ్మదిగానే చెప్పాను. మా ఇద్దరి మధ్య మాట అనుకున్నాను.

"నేనే బామ్మా. ఆ పిల్ల కాదు. ఆ పిల్ల బళ్ళను దారిలో పెట్టింది."

మైకు నా చేతిలోనే ఉంది.

నా గొంతు పైకప్పు దాకా వెళ్ళి మళ్ళీ నా చెవుల్లో పడింది. జనంలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ముందు వరసలో కామెన్ మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. మేయరు బ్యాండు వైపు చెయ్యి ఊపాడు. వాళ్ళు ఏ పాటో తెలియక ఇద్దరు ఒకటి, మిగతావాళ్ళు ఇంకొకటి మొదలుపెట్టారు.

వెలికా బామ్మ తల పంకించింది. "సరే. ఎవరో తెలిస్తే చాలు, మనసు కుదుటపడుతుంది." నా మెడలో రిబ్బను సరిచేసి, "ఇంకోసారి మర్చిపోకు," అంది. అప్పుడు బుగ్గ తట్టింది. గట్టిగానే తట్టింది. రలిత్సా దాన్ని చెంపదెబ్బ అంటోంది.

అక్టోబర్ 5

మేయరు కొత్త ప్రకటన: సన్మానసభలో జరిగింది కూడా విన్యాసంలో భాగమే.

అక్టోబర్ 7

నెవెనాను తిరిగి పిలిచారు. న్యాయం గెలిచిందని రాయాలని ఉంది. నిజం ఏమిటంటే, నా స్క్రిప్ట్ నడవడానికి ల్యాప్‌టాప్ లేదు, తన స్క్రిప్ట్ ఎవరు నడిపినా నడుస్తుంది, పక్కూరి మేయరు కొత్త వెర్షన్ పంపమని తొందర పెడుతున్నాడు.

ఆమె ఇప్పుడు ఆ పనికి పెద్ద. నేను ఆమె కింద. కామెన్ నాతో మాట్లాడటం లేదు, దానితో ఆఫీసులో శాంతిగా ఉంది.

ఆఫీసులో మిగిలిన నా స్క్రిప్టు నకలులోంచి పనికొచ్చేవి ఏరమని నెవెనా నాకే చెప్పింది. ఒక్కొక్క పంక్తి చూస్తూ పోయాను. ఆ 'కాసేపు ఆగు' దగ్గరికి వచ్చి తీసేశాను. ఏమీ కాలేదు. ఇన్నేళ్ళు నాలుగు పట్టణాలు ఊరికే ఆగాయి.

చిహ్నాల కొలత సంగతి మేయర్లకు ఎవరు చెబుతారని అడిగాను.

"మీరే," అంది. "గట్టిగా చెప్పడం మీకు బాగా వచ్చు కదా."

మొదటిసారి నవ్వడం చూశాను.

అక్టోబర్ 16

ఇవాళ కొత్త వెర్షన్ వెళ్ళే రోజు. నన్ను సెలవు తీసుకోమంది నెవెనా. నేను లేకుండా వెళుతుందో లేదో చూడాలట.

పొద్దుటి నుంచీ ఇంట్లోనే ఉన్నాను. ఫోను బల్ల మీద, నేను దాని ముందు. అత్తగారు చారు పెట్టింది, తాగాను. రెండోసారి అడిగింది, తాగాను. పది గంటలకు మొదలుపెడతామన్నారు. మధ్యాహ్నమైంది. ఫోను మోగలేదు. ఏదైనా జరిగి ఉంటుంది. ఇబ్బంది పెట్టడం ఎందుకని వాళ్ళలో వాళ్ళే తంటాలు పడుతూ ఉంటారు. లేదా నా ఫోనే పాడై ఉంటుంది, ఎవరు చేసినా కలవడం లేదేమో.

చూద్దామని రలిత్సా ఫోను తీసుకుని నా నంబరుకు చేశాను.

మోగింది. బల్ల మీద గిరగిరా తిరుగుతూ మోగింది.

అత్తగారు వంటింటి గుమ్మంలోంచి రెండు ఫోన్లూ పట్టుకుని కూర్చున్న నన్ను కాసేపు చూసింది.

"పనిచేస్తోందిగా అల్లుడూ," అంది. "ఎత్తి నీతో నువ్వు మాట్లాడుకో."